మూడో నంబరు కిటికీ

నాకు మనుషులు చేతులుగనే ఎరుక.
చండూరు బ్రాంచిల అద్దం కింది సందు జానెడు.
ముందు చెయ్యొస్తది, ఎనుక పాసుబుక్కొస్తది,
ముఖం ఆఖరుకు. వస్తే వస్తది, లేకుంటె లేదు.

బత్తాయి తోటోళ్ల చేతులకు ముండ్ల గీతలు.
మగ్గం గుంటల కూసునేటోళ్ల గోర్లల్ల రంగు.
మర్రిగూడ దిక్కుకెల్లి వచ్చే ముసలోళ్లయి
ఆ నీళ్లు తాగి తాగి వంకరవోయిన వేళ్లు.
నోటిస్తే పట్టుకోరాదు.
రెండు అరచేతుల నడుమ పెట్టి
నేనే ముయ్యాలె.

పొద్దున తొమ్మిదింటికి ఫోన్ల గ్రూపు మోగుతది.
నల్లగొండ నుంచి పెద్దసారు పట్టిక పంపుతడు.
ఎర్రగున్న గడి నాది:
చండూరు, మూడో కౌంటరు, సున్న.
సున్న పక్కన ఒక ప్రశ్న గుర్తు,
దాని పక్కన ఇంకో రెండు.
"పింఛన్ల నాడు రెండొందల మంది వస్తరు గదా,
మనిషికో మాట చెప్తే ఇరవై పాలసీలు గావా?"
లెక్క కరెక్టే. సారుకు లెక్కలొస్తయి.
ఈ సందుల నుంచి మాత్రం ఎన్నడూ చూడలే.

మా మేనేజరు ముత్తిలింగం సారు చెడ్డోడు గాదు.
తలుపేసుకొని ఫోన్ల తిట్లు తింటడు,
బీపీ గోలి మింగి బయటికొస్తడు,
"రెండన్న చెయ్యి స్వరూపా" అంటడు, మెల్లగ.
గట్టిగ తిట్టినా బాగుండు.

మార్చి ఆఖరు. ఈదమ్మ వచ్చింది.
నడుము వంగినామె, కౌంటరు మీద చెయ్యొక్కటే కనవడ్డది.
మిషన్ ఆమె బొటనేలును గుర్తువట్టది.
నా కొంగుతోటి మూడుసార్లు తుడిచిన.
నాలుగోసారికి పచ్చలైటు.
రెండువేల పదహార్లు.

"పాలసీ ఒకటున్నది ఈదమ్మా."
"అంటే?"
"నువ్వు పోయినంక పైసలొస్తయి."
"ఎవలకు?"
"నువ్వు ఎవల పేరు చెప్తే వాళ్లకు."
"పోయినంక ఎందుకు బిడ్డా, ఉన్నప్పుడే ఇయ్యరాదు?"
ఎనుక లైన్ల నవ్విండ్రు.
నేను గూడ నవ్విన.
నవ్వుకుంటనే ఫారం ముందట పెట్టిన.
బొటనేలు ఎట్లాగు నా చేతులనే ఉండె.

ఆ రాత్రి గడి పచ్చగైంది.
పెద్దసారు చప్పట్ల బొమ్మ పెట్టిండు,
దాని కింద పదకొండు బ్రాంచిలు చప్పట్లు కొట్టినయి.
ఇంటికి పోతుంటె బస్సుల చూసుకుంటె
నా వేళ్లకు నీలం సిరా.
ఉమ్మి పెట్టి రుద్దిన. దిగే దాక రుద్దిన.

ఏప్రిల్ల ఈదమ్మ పాసుబుక్కు తోసింది.
"ఐదొందల తొంభై ఎటువోయినయి?"
చెప్పిన. ఈసారి మొత్తం చెప్పిన,
సన్నక్షరాలది గూడ.
తిడుతదనుకున్న.
"అట్లనా" అన్నది.
రెండు అరచేతులు చాపింది,
నేను నోట్లు పెట్టి మూసిన.

మేల రెండో కిటికీ కాడ లైను మెట్లు దిగింది.
ఆడ కూసున్నది మొన్న చేరిన పోరడు,
నోట్లు మూడుసార్లు లెక్కపెడతడు.
నా ముందట నలుగురు.
"ఈడ ఖాళీ ఉన్నది, రాండ్రి" అని పిలిచిన.
లైను కదలలే.
ఒకామె పాసుబుక్కు కొంగుల దాచుకున్నది.
గోడకానుకొని ఉన్న కర్ర మీద
ఆ వేళ్లను నేను గుర్తువట్టిన.
రెండు గంటలు నిలవడ్డయవి.

ముత్తిలింగం సారొచ్చి నా ముందటి జాగ చూసిండు.
"తీరికనే ఉన్నవు గద, ఫోన్లన్న జెయ్యి" అని
పేర్ల కాగితం ఇచ్చిండు.
మూడో పేజీల ఈదమ్మ.
నంబరుండే కాడ చిన్న గీత.
ఆమెకు ఫోను లేదు.

బతికిపోయిన.